శీర్షిక చింపేసిన పట్టికలు

వలస వచ్చినవారిని గురించి నేడు జరుగుతున్న ప్రతి చర్చలోనూ మనిషి కంటే ముందు ఒక అంకె వచ్చి కూర్చుంటోంది. ఇంతమంది హంతకులు, ఇంత శాతం ఉగ్రవాదులు, ఇన్ని లక్షల చొరబాటుదారులు. అంకె వినబడగానే ఎదుటివారు మౌనం వహిస్తారు. మాటను అబద్ధమనడానికి ఉన్న ధైర్యం లెక్కను అబద్ధమనడానికి చాలామందికి ఉండదు. మేము ఉద్యోగకాలమంతా ప్రభుత్వ కార్యాలయంలో నెలవారీ, సంవత్సర రిటర్నులు తయారుచేసి పైకి పంపినవారము. పట్టిక బల్ల దాటేటప్పుడు దానికి ఒక శీర్షిక ఉంటుంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాసి ఉంటుంది, అడుగున రిమార్కులుంటాయి. ఈ మూడింటినీ చింపి పారేస్తే మిగిలిన అంకె చేత ఎవరికి ఏది కావాలంటే అది పలికించవచ్చు. వలసదారుల మీద, ముఖ్యంగా ముస్లిముల మీద నేర గణాంకాలను ప్రయోగిస్తున్నవారు చేస్తున్నది సరిగ్గా ఈ చింపుడు పనేనని మా అభియోగం. ముందుగా అమెరికా సంగతి తీసుకుంటున్నాము. అక్కడ ఈ పని సాక్షాత్తు ప్రభుత్వ ముద్రతోనే జరిగింది. కాగితాలు ఇప్పుడు అందరి ఎదుటా ఉన్నాయి.

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేథ్ పట్టణంలో, హైదరాబాదు నుంచి వెళ్ళిన తెలుగు ఇంజనీరు ఒకరిని ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. మా దేశం నుంచి వెళ్ళిపొమ్మని అతడు అరిచాడని సాక్షులు చెప్పారు. తాను చంపినది ఇరానీయులనని ఆ తర్వాత మరొక చోట చెప్పుకున్నాడు. ఆరు రోజులు గడిచాక, ఫిబ్రవరి 28న, అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ కాంగ్రెసు ఉభయసభల ఎదుట ప్రసంగించారు. ప్రసంగం మొదట్లోనే కాన్సాస్ కాల్పులను ఖండించారు. అంతవరకు బాగానే ఉంది. అదే ప్రసంగంలో మరికాసేపటికి, 2001 సెప్టెంబరు 11 తర్వాత ఉగ్రవాద సంబంధిత నేరాల్లో శిక్షపడినవారిలో అత్యధికులు బయటి దేశాల నుంచి వచ్చినవారేనని న్యాయశాఖ సమాచారం చెబుతోందన్నారు. వలసదారుల చేతిలో నేరాలకు గురైనవారి కోసం ‘వాయిస్’ పేరిట ప్రత్యేక కార్యాలయం తెరుస్తున్నామని కూడా ప్రకటించారు. వలస వచ్చినవాణ్ణి చంపితే అది ఒక వ్యక్తి దుర్మార్గం. వలస వచ్చినవాడు చంపితే దానికొక కార్యాలయం, ఒక ప్రత్యేక ఖాతా. మన తెలుగు బిడ్డ చావు ఏ ఖాతాలోకీ పోలేదు.

న్యాయశాఖ సమాచారమని అధ్యక్షుడు చెప్పారు గదా, ఆ సమాచారం చూపండి అని ‘లాఫేర్’ అనే న్యాయ వ్యవహారాల పత్రిక సంపాదకుడు బెంజమిన్ విట్టెస్ దరఖాస్తు పెట్టారు. మన సమాచార హక్కు చట్టం వంటి చట్టం అక్కడా ఉంది. జవాబు తిన్నగా రాలేదు. కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. చివరికి 2018లో వచ్చిన సమాధానం ఏమిటంటే, ఆ వాక్యానికి ఆధారమైన రికార్డులేవీ దొరకలేదని. దేశాధ్యక్షుడు ఉభయసభల ఎదుట ఒక శాఖ పేరు చెప్పి పలికిన మాటకు ఆ శాఖ దఫ్తరులో ఒక్క కాగితమూ లేదు. కార్యాలయ పని తెలిసినవారికి ఈ జవాబు ఎంత బరువైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ జవాబు రాకముందే, అవసరమైన కాగితం తయారైపోయింది. ఆరు ముస్లిం దేశాల ప్రజల రాకపోకలను నిషేధిస్తూ 2017 మార్చిలో జారీ అయిన ఉత్తర్వులోనే, విదేశీయుల ఉగ్రవాద నేరాలపై నివేదికలు ప్రచురించాలన్న ఆదేశం ఉంది. గమనించండి: నిషేధం ముందు, దానిని సమర్థించే లెక్క తర్వాత. 2018 జనవరి 16న హోంలాండ్ సెక్యూరిటీ శాఖ, న్యాయశాఖ కలిసి ఆ నివేదిక విడుదల చేశాయి. 2001 సెప్టెంబరు 11 నుంచి 2016 చివరి వరకు అంతర్జాతీయ ఉగ్రవాద సంబంధిత అభియోగాలపై ఫెడరల్ కోర్టుల్లో 549 మందికి శిక్ష పడిందనీ, వారిలో 402 మంది విదేశాల్లో పుట్టినవారనీ అందులో ఉంది. అంటే 73 శాతం. నలుగురిలో దాదాపు ముగ్గురు అంటూ అధ్యక్షుడు అదే రోజు ప్రచారం మొదలుపెట్టారు.

ఇప్పుడు శీర్షిక చదువుదాం. అందులో ‘అంతర్జాతీయ’ అన్న మాట ఉంది. విదేశీ సంస్థలతో ముడిపడిన కేసులను మాత్రమే పోగుచేసి, చూశారా, వీరిలో విదేశీయులే ఎక్కువ అన్నారు. విమానాశ్రయంలో పాస్‌పోర్టు వరుసలో నిలబడినవారిని లెక్కపెట్టి ప్రయాణికులందరూ పరదేశం పోయేవారేనని తేల్చినట్లుంది. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ చర్చిలో ప్రార్థనకు వచ్చిన తొమ్మిది మంది నల్లజాతీయులను కాల్చి చంపినవాడు ఈ పట్టికలో లేడు, ఉండడు కూడా. అతడు స్వదేశీయుడు, అతని ద్వేషం స్వదేశీ సరుకు. ఓలేథ్ హంతకునికీ ఇందులో స్థానం లేదు. నివేదిక గడువు 2016తో ముగిసిందని కాదు, 2026 వరకు పొడిగించినా అటువంటి నేరానికి అందులో కాలమే లేదు.

ఇక రిమార్కులు. విదేశాల్లో నేరం చేసి, విచారణ కోసం అమెరికా అధికారులే పట్టి తెచ్చినవారు కూడా ఆ 402 మందిలో ఉన్నారని నివేదిక తానే అడుగున సన్నని అక్షరాలలో చెప్పుకుంది. సంకెళ్ళతో విమానం దిగినవాణ్ణి వలసదారుల పద్దులో వేసి, వలస వల్ల ప్రమాదమని వాదించడం ఏ అకౌంటు సూత్రమో మాకు బోధపడదు. 402లో 148 మంది అప్పటికే పౌరసత్వం పొందినవారు. చట్టం దృష్టిలో వారు అమెరికన్లే. పుట్టిన చోటును బట్టి కాక పౌరసత్వాన్ని బట్టి కూడితే 549లో 295 మంది అమెరికా పౌరులు, అంటే సగానికి పైగా. అంకెలు అవే, కాలమ్ ఒకటి అటు జరిగిందంతే.

ఈ నివేదికపై హక్కుల సంస్థలు కోర్టుకు వెళ్ళాయి. 2018 డిసెంబరులో న్యాయశాఖ ఒక ఉత్తరం రాసింది. పాఠకులు ఈ నివేదికను విమర్శించడానికి ఆస్కారముందని అందులో ఒప్పుకుంది. వెనక్కి తీసుకోవడానికి మాత్రం నిరాకరించింది. తప్పుడు రిటర్ను పంపిన సెక్షన్ గుమాస్తాకు మెమో తప్పదు. ప్రభుత్వమే పంపితే అది చరిత్రలో నివేదికగానే మిగిలిపోతుంది.

రెండవ ఉదాహరణ మరింత ఘోరమైనది. 2024 సెప్టెంబరులో, అధ్యక్ష ఎన్నికలకు ఆరు వారాల ముందు, వలస చట్టాల అమలు సంస్థ ఐసీఈ ఒక కాంగ్రెసు సభ్యుని ప్రశ్నకు లిఖితపూర్వకంగా సమాధానమిచ్చింది. హత్యానేరంలో శిక్షపడి, తమ ‘నిర్బంధంలో లేనివారి పట్టిక’లో ఉన్న పౌరేతరులు 13,099 మంది అని అందులో ఉంది. వెంటనే ప్రచారం మొదలైంది: బైడెన్, హారిస్‌ల హయాంలో పదమూడు వేల మంది హంతకులు సరిహద్దు దాటి వచ్చి వీధుల్లో స్వేచ్ఛగా తిరుగుతున్నారట.

ఐసీఈ నిర్బంధంలో లేకపోవడమంటే అర్థం ఏమిటి? ఆ సంస్థ నడిపే నిర్బంధ కేంద్రాలలో లేరని, అంతే. రాష్ట్ర ప్రభుత్వ జైలులోనో ఫెడరల్ జైలులోనో శిక్ష అనుభవిస్తున్నవారు కూడా ఐసీఈ లెక్కలో ‘నిర్బంధంలో లేనివారే’. చంచల్‌గూడ జైలులో ఉన్న ఖైదీ రాజమండ్రి జైలు రిజిస్టరులో ఉండడు. ఉండనంత మాత్రాన బజారులో తిరుగుతున్నాడని అర్థమా? పైగా ఆ పట్టిక మూడున్నరేళ్ళ పట్టిక కాదు. నలభై ఏళ్ళకు పైగా దేశంలోకి వచ్చినవారి పేర్లు అందులో ఉన్నాయని, చాలామంది విషయంలో నిర్ణయాలు అంతకు ముందరి ప్రభుత్వాల కాలంలోనే జరిగాయని హోంలాండ్ సెక్యూరిటీ శాఖ బహిరంగంగా వివరణ ఇచ్చింది. ఆ ముందరి ప్రభుత్వాలలో ట్రంప్‌గారిది కూడా ఒకటి. వివరణ వచ్చింది, పత్రికల్లో పడింది, ఎవరూ ఖాతరు చేయలేదు. అక్టోబరులో ఒక రేడియో సంభాషణలో అదే పదమూడు వేల సంఖ్యను పలుకుతూ, హత్య చేయడం అటువంటివారి జన్యువుల్లోనే ఉందని, దేశంలో ఇప్పుడు చెడు జన్యువులు చాలా ఉన్నాయని ట్రంప్ అన్నారు.

ఒక రిజిస్టరు శీర్షికను తప్పుగా చదవడంతో మొదలైన ప్రయాణం రెండు వారాలు తిరగకుండానే రక్తం దాకా, పుట్టుక దాకా చేరుకుంది. ఇదంతా గుమాస్తా చాదస్తమని కొట్టివేసేవారు ఈ దూరాన్ని కొలిచి చూడాలి.

సరైన లెక్క దొరకదా అంటే, దొరుకుతుంది. టెక్సాస్ రాష్ట్రం ట్రంప్ పార్టీ కంచుకోట. వలసదారుల పట్ల అక్కడి ప్రభుత్వానికి ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. అక్కడ అరెస్టయిన ప్రతివారి వేలిముద్రలనూ కేంద్ర రికార్డులతో సరిపోల్చి వలస హోదా నమోదు చేస్తారు. ఆ రికార్డుల ఆధారంగా మైకేల్ లైట్ బృందం చేసిన పరిశోధన 2020లో అమెరికా జాతీయ శాస్త్ర అకాడమీ పత్రికలో వెలువడింది. హింసాత్మక నేరాల్లో అరెస్టయ్యే రేటు, అనుమతి పత్రాలు లేని వలసదారుల్లో కంటే అమెరికాలో పుట్టిన పౌరుల్లో రెండు రెట్లకు పైగా ఉన్నదని, ఆస్తి నేరాల్లో నాలుగు రెట్లకు పైగా ఉన్నదని తేలింది. ఇందులో లవం ఉంది, హారం ఉంది. చిన్నతరగతిలో భిన్నాలు నేర్చుకున్నవారెవరికైనా అర్థమయ్యే సంగతి ఇది: పై అంకె ఒక్కటే చూపి కింది అంకెను దాచిపెడితే అది భిన్నమే కాదు. దరిద్రమేమిటంటే ఈ రెండు వాక్యాలు నినాదానికి పనికిరావు.

ఇక్కడ మన పాఠకులకు ఒక ఇబ్బందికరమైన మాట చెప్పవలసి ఉంది. అన్ని దేశాల లెక్కలూ టెక్సాస్ లెక్కలాగే మనకు ఊరటనివ్వవు. జర్మనీ పోలీసు గణాంకాలలో 2023లో అనుమానితులుగా నమోదైనవారిలో దాదాపు 41 శాతం జర్మన్ పౌరులు కానివారు. అక్కడి జనాభాలో విదేశీయులు సుమారు 15 శాతం. ఈ రెండు అంకెలను పక్కపక్కన నిలబెట్టి ఓట్లు దండుకున్న పార్టీ అక్కడ ఉంది. ఈ లెక్కలోనూ చింపుళ్ళున్నాయి. అనుమతి లేకుండా ప్రవేశించడం, గడువు మీరి ఉండడం వంటి నేరాలు విదేశీయుడు తప్ప మరొకరు చేయగలిగినవి కావు; వాటిని తీసేస్తే 41 కాస్తా 34కు దిగుతుంది. వీరంతా పోలీసుల దృష్టిలో అనుమానితులే తప్ప కోర్టులో దోషులుగా తేలినవారు కారు. పర్యాటకులూ, సరిహద్దు దాటి దొంగతనానికి వచ్చి పోయే ముఠాలూ అనుమానితుల్లో చేరతారు, జనాభాలో చేరరు. కనుక ఈ రెండు రేట్లను నేరుగా పోల్చరాదని జర్మనీ పోలీసు శాఖ స్వయంగా హెచ్చరిక రాస్తుంది.

ఇన్ని తీసివేతల తర్వాత కూడా ఆ వాటా జనాభా వాటా కంటే ఎక్కువే. దీనిని దాచడం మాకు ఇష్టం లేదు. శరణార్థులుగా వచ్చినవారిలో యువకులు, మగవారు ఎక్కువ. ఏ జాతిలోనైనా నేరాల్లో వారి వాటాయే హెచ్చు. పెద్ద నగరాలు, శిబిరాల ఇరుకు, పని చేసుకునే అనుమతి కోసం నెలల తరబడి ఎదురుచూపు వీటికి తోడు. కారణాలు చెప్పినంత మాత్రాన బాధితుల గాయం మానదు. 2024 ఆగస్టులో జోలింగెన్ పట్టణ ఉత్సవంలో ఒక సిరియా యువకుని కత్తికి ముగ్గురు బలయ్యారు. ఆ కుటుంబాల ముందు నిలబడి శాతాలు వల్లించడం అమానుషం. ఆ నేరస్థుణ్ణి కోర్టు కఠినంగా శిక్షించాలనడంలో మాకు రెండవ అభిప్రాయం లేదు. కాని అతని నేరాన్ని ఆ దేశంలో రొట్టెలు కాల్చుకుని, బస్సులు నడుపుకొని, ఆసుపత్రుల్లో రోగులను చూసుకొని బతుకుతున్న లక్షలాది సిరియన్ల పద్దులో జమకట్టడానికి మాత్రం ఏ గణిత శాస్త్రమూ అంగీకరించదు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. అమెరికాలో ‘ఏలియన్’ అన్న మాట చేసే పనిని మన దేశంలో ‘చొరబాటుదారు’ అన్న మాట చేస్తోంది. 2004 జులైలో కేంద్ర హోంశాఖ సహాయమంత్రి శ్రీప్రకాశ్ జైస్వాల్ రాజ్యసభలో ఒక సంఖ్య చెప్పారు: 2001 డిసెంబరు 31 నాటికి దేశంలో అక్రమ బంగ్లాదేశీయులు 1,20,53,950 మంది. చివరి యాభై దగ్గర దాకా లెక్క! రహస్యంగా వచ్చి దాక్కున్నవారిని అంత కచ్చితంగా ఎలా లెక్కపెట్టారని ఎవరైనా అడగాలి గదా. కొద్ది రోజులకే మంత్రిగారే అస్సాం అంకె నమ్మదగినది కాదని, విన్న మాటల మీద ఆధారపడినదని చెప్పి వెనక్కి తగ్గారు. సంఖ్య మాత్రం వెనక్కి తగ్గలేదు; నేటికీ తిరుగుతూనే ఉంది. 2016లో మరొక మంత్రి అదే సభలో రెండు కోట్లన్నారు. అస్సాంలో కోట్ల రూపాయలు ఖర్చు చేసి, 3 కోట్ల 30 లక్షల దరఖాస్తులు పరిశీలించి 2019 ఆగస్టు 31న ప్రకటించిన తుది పౌర జాబితాలో చోటు దక్కనివారు 19,06,657 మంది. వారిలో హిందువులు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారని తెలిశాక, జాబితా కోసం పట్టుబట్టినవారే అది తప్పుల తడక అన్నారు. లెక్క నచ్చితే సాక్ష్యం, నచ్చకపోతే తప్పుల తడక.

హైదరాబాదుకు ఈ గాలి కొత్త కాదు. 2020 నవంబరులో నగరపాలక ఎన్నికల ప్రచారంలో, రోహింగ్యాలను, పాకిస్తానీయులను ఏరివేయడానికి పాతబస్తీపై సర్జికల్ స్ట్రైక్ చేస్తామని ఒక జాతీయ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు బహిరంగంగా అన్నారు. బాలాపూర్ పరిసరాల్లో రేకుల షెడ్లలో తలదాచుకుని, చెత్త ఏరుకుని, కూలి చేసుకుని బతుకుతున్న రోహింగ్యా కుటుంబాలు కొన్ని వేల మంది. కోటి జనాభా నగరం భద్రతకు వారే ముప్పట. 2025 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి ప్రధానమంత్రి, చొరబాటుదారులు యువత ఉపాధిని లాక్కుంటున్నారని, అక్కచెల్లెళ్ళను లక్ష్యంగా చేసుకుంటున్నారని, ఆదివాసుల భూములు కాజేస్తున్నారని చెప్పి ఒక జనాభా మిషన్ ప్రకటించారు. అదే సంవత్సరం బెంగాలీ మాట్లాడే ముస్లిం కూలీలను నగరాల్లో పట్టుకుని సరిహద్దు అవతలికి నెట్టివేశారు. వారిలో కొందరు భారత పౌరులేనని తేలి మళ్ళీ తీసుకురావలసి వచ్చింది. తప్పు లెక్కలో కూడికగా పడిన మనిషి తీసివేతగా బయటపడడానికి ఎన్ని రోజులు, ఎన్ని ఆకలిపూటలు పట్టాయో ఆ కుటుంబాలకే తెలుసు.

ఇక మన ఫోన్లలోకి వచ్చే సందేశాల సంగతి. జాతీయ నేర రికార్డుల బ్యూరో పేరు పెట్టి, ఫలానా నేరంలో ఇంత శాతం ముస్లిములే అని రాసే సందేశాలు మీరంతా చూసే ఉంటారు. ‘క్రైమ్ ఇన్ ఇండియా’ పేరిట ఆ బ్యూరో ఏటా వెలువరించే పుస్తకంలో నిందితుని మతం నమోదు చేసే కాలమ్ లేదు. లేని కాలమ్ నుంచి శాతం ఎలా వచ్చింది? మతం వివరాలు ఉన్నది బ్యూరో వారి మరొక పుస్తకంలో, జైళ్ళ గణాంకాలలో. 2019 సంవత్సరపు ఆ పుస్తకం ప్రకారం శిక్షపడిన ఖైదీల్లో ముస్లిములు 16.6 శాతం, విచారణ ఖైదీల్లో 18.7 శాతం, విచారణే లేకుండా ముందస్తు నిర్బంధంలో ఉన్నవారిలో 35.8 శాతం. 2011 జనగణన ప్రకారం జనాభాలో మన వాటా 14.2. రుజువు బలంగా ఉండవలసిన చోట మన వాటా తక్కువ, రుజువు అవసరం తగ్గేకొద్దీ మన వాటా ఎక్కువ. ఈ మెట్లు నేరప్రవృత్తిని చూపుతున్నాయా, లేక పట్టుకునే చేతిని, బెయిలు కట్టలేని జేబును చూపుతున్నాయా? ఆ ఏడు దేశంలోని ఖైదీలందరిలో 69 శాతం విచారణ ఖైదీలేనన్న రిమార్కును కూడా కలిపి చదవండి.

మనవాళ్ళు కొందరు దీనికి ప్రతిగా తామూ అంకెలు తయారుచేసి తిప్పుతున్నారు. ఫలానా మతస్థులు ఇన్ని నేరాలు చేశారని, యూరప్‌లో నేరాలన్నీ కట్టుకథలేనని రాస్తున్నారు. ఈ పని మానుకోవాలి. తెచ్చినవాడెవడో చూసి, వార్తను విచారించి నమ్మమన్న ఆజ్ఞ మనకున్నది. అది మనకు అనుకూలమైన వార్తలకు కూడా వర్తిస్తుంది. మనం పంచే అంకె ఒక్కటి బూటకమని తేలితే, మనం చెప్పిన నిజమైన అంకెలు పదీ దానితో పాటే కొట్టుకుపోతాయి. అవతలివారికి అధికారముంది, తప్పు చెప్పినా చెల్లుతుంది. మనకు చెల్లదు.

చేయవలసిన పని చిన్నదే, విసుగు పుట్టించేదే. ఇటువంటి అంకె కనబడినప్పుడు నాలుగు సంగతులు అడగాలి: ఏ పుస్తకం, ఏ సంవత్సరం, ఏ పట్టిక, దాని శీర్షిక ఏమిటి. పంపినవారు చెప్పలేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో ఢిల్లీలోని బ్యూరో పౌర సమాచార అధికారికి దరఖాస్తు చేయండి. ఇది నిజమా అని రాయకండి. అభిప్రాయం చెప్పడం మా పని కాదని తిప్పి పంపుతారు. ఫలానా సంవత్సరపు ప్రచురణలో నిందితుల మతంపై పట్టిక ఉన్నదా, ఉంటే దాని ధ్రువీకృత నకలు ఇవ్వండి అని రాయండి. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. రాకపోతే మొదటి అప్పీలు. వచ్చిన సమాధానాన్ని మూడు నకళ్ళు తీయించి, ఒకటి ఆ అంకెను అచ్చువేసిన పత్రిక సంపాదకునికి స్పీడ్ పోస్టులో, ఒకటి మీ మండల పోలీసు స్టేషనుకు అందజేసి రసీదు తీసుకుని, ఒకటి మస్జిదు కమిటీ ఫైలులో ఉంచండి. సందేశం వచ్చిన తేదీని ఆ నకలు మీద పెన్సిలుతో కాక సిరాతో రాయండి.